తెర చిన్నదైన రోజులు!

రిలీజు రోజున మార్నింగ్ షోకి పరుగెత్తే మనం 2020లో ఏం చేశాం? హాళ్లకు తాళాలు... చేతిలో ఫోను! మార్చి 25న చిరంజీవి ట్విట్టర్లో అడుగుపెట్టారు. ఏప్రిల్లో రాజమౌళి ఇంటిపని చేసి చూపించి, ఎన్టీఆర్‌కీ, రామ్‌చరణ్‌కీ సవాల్ విసిరారు. చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వు అయిదు నిమిషాలే లెండి!

నేనుండేది హైదరాబాద్ కృష్ణానగర్లో. పక్క వాటాలో ఓ లైట్‌మాన్ కుటుంబం. షూటింగు లేదు, బేటా లేదు. చిరంజీవి పూనికతో ఏర్పడ్డ సి.సి.సి. పంచిన సరుకులతోనే కొన్నాళ్లు వాళ్ల పొయ్యి వెలిగింది. నాకూ అంతే... షూటింగుల్లేకపోతే కబుర్లెక్కడివి, రాసేదేముంది?

సెప్టెంబరు 5న నాని 25వ చిత్రం ‘వి’ అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. వాళ్లింట్లో నా ఫోను కిటికీకి ఆనించి అందరం చూశాం. ఆయన మాత్రం కథ పట్టించుకోలేదు.

“ఇంత బొమ్మలో మా లైటింగు ఏం కనిపిస్తుంది సార్!” అన్నాడు.

డిసెంబరు 25న ‘సోలో బ్రతుకే సో బెటర్’ హాళ్లకొచ్చింది. సగం సీట్లకే అనుమతి. మాస్కుల్లో ఈలలు సరిగా పలకలేదు! ఆయన్నీ రమ్మన్నాను గానీ, రాలేదు. ఆ రోజు షూటింగు ఉందట!