పారవేసే టెంకలో పిడికెడు పిండి



జూన్, జూలై మాసములు వచ్చాయంటే చిత్తూరు, తిరుపతి జిల్లాలలోని గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాయ లోపలికి పోతుంది, గుజ్జు బయటికి వచ్చి దేశదేశములకు పోతుంది. అయితే లోపలికి పోయిన కాయలో గుజ్జుగా మారేది సుమారు సగమే. మిగిలినదంతా తొక్క, టెంక, పీచు. ఆ కుప్పల ప్రక్కగా నడచినవారికి ఆ వాసనను గూర్చి, ఆ ఈగలను గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. కొంత పశువులు తింటాయి. తక్కినది అక్కడే కుళ్ళుతుంది.

ఆ కుప్పలో ఉన్నది నిజముగా చెత్తేనా? టెంకను పగులగొడితే లోపల జీడి ఉంటుంది. ఎండిన జీడిలో సగమునకు మించి పిండిపదార్థమే. నూటికి పది పాళ్ళకు అటు ఇటుగా కొవ్వు, ఐదారు పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. ఐరోపా దేశములవారు 2000వ సంవత్సరములో చేసిన చాక్లెట్ నియమములలో, కోకో వెన్నతో పాటు నూటికి 5 పాళ్ళ వరకు కలుపదగిన ఆరు కొవ్వులను పేర్కొన్నారు. వాటిలో మామిడి జీడి కొవ్వు ఒకటి. మన పెరటిలో పిల్లలు కాలితో తన్నే టెంకకు అక్కడ అంత విలువ! తొక్కను కూడ తీసివేయకూడదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవారు తొక్కను ఎండబెట్టి, పొడిచేసి బిస్కెట్ల పిండిలో కలిపి చూచి, ఆ ఫలితములను 2008లో ప్రచురించారు. నూటికి 10 పాళ్ళ వరకు కలిపినా రుచి చెడలేదు, పీచు మాత్రము బాగా పెరిగింది. అయినను తొక్కలో సొన ఉంటుంది, పైన చల్లిన మందు అంటి ఉంటుంది. కనుక ఇంటిలో తొక్కపొడి చేయుమని మేము ఎవరిని తొందరపెట్టము.

జీడి సంగతి వేరు. ఉత్తరాంధ్ర మన్యములో, సరిహద్దుకు ఆవల ఒడిశా కొండలలో గిరిజన తల్లులకు ఇది ఏ శాస్త్రజ్ఞుడును నేర్పలేదు. టెంకలు దాచి, జీడి తీసి ఎండబెట్టి, దంచి, ఆ పిండిని నీళ్ళలో మరల మరల కడిగి వగరు పోగొట్టి అంబలి కాస్తారు. వర్షకాలములో గాదె ఖాళీ అయినప్పుడు ఆ కుటుంబములను నిలబెట్టినది అదే.

అయితే ఇక్కడే ఒక భయము కూడ ఉన్నది. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతములో అనేకులు మరణించారు. జీడిపిండి అంబలియే కారణమని అధికారులు చెప్పారు, ఆకలియే కారణమని ఇతరులు వాదించారు. 2024లో కంధమాల్ జిల్లాలో మరల జీడి అంబలి త్రాగి స్త్రీలు మరణించారు. తడి ఆరని జీడికి బూజు పడుతుంది. కొన్ని బూజుల విషము ఎంత ఉడికించినా పోదు. పేదవాడు దానిని పారవేయలేక తింటాడు. ఇంట్లో ఇంకొక గింజ ఉంటే ఎవరు తింటారు?

నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నాను గూర్చి చదువుతాము గదా. మరునాటికి ఉంచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టినది. యోహాను 6వ అధ్యాయములో మన ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించినది జనులు తృప్తిగా తిన్న వెంటనే, ఆ చోటనే. పన్నెండు గంపలలో నిండినది మంచి రొట్టె. కుళ్ళినదానిని ఏరి బీదలకు పంచిపెట్టి దానిని పొదుపు అనడము మాకు సమ్మతము కాదు.

కావున ఫ్యాక్టరీ కుప్పలోని టెంకలు ఎవరును తెచ్చుకొనవద్దు. ఆ పని ఫ్యాక్టరీలోనే, గుజ్జు తీసిన రోజే టెంకను వేరుచేసి, యంత్రముతో ఆరబెడితేనే సాగుతుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, రైతులు కాయలను రోడ్డు ప్రక్కన పారబోసినప్పుడు, ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు తోడు ఇవ్వవలసి వచ్చింది. తొక్కకు, టెంకకు కూడ ఒక ధర ఉంటే కాయ ధర కొంతైనా నిలబడేదేమో అని మాకు తోచుచున్నది. అయితే ఆ లాభము రైతు వరకు వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఇంటిలో తిన్న పండ్ల టెంకలతో మాత్రము తల్లులు చేసి చూడవచ్చును. తిన్న రోజే టెంకలు కడిగి మంచి ఎండలో వేయండి. పెంకు ఎండగానే పగులగొట్టి, జీడి మీది గోధుమరంగు పొర తీసివేయండి. నల్లబడినది, పురుగు తొలిచినది, బూజు వాసన వచ్చేది ఏదైనా సరే అవతల పారవేయండి. మంచివాటిని పలుచగా తరిగి, వగరు తగ్గేవరకు నీళ్ళు మార్చుతూ నానబెట్టి, ఒకసారి ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. ముక్కలు విరిస్తే టక్కున విరిగేంతగా ఎండిన తరువాతే పిండి పట్టించండి. పది గ్లాసుల రాగిపిండికి లేక గోధుమపిండికి ఒక గ్లాసు చాలును. ముసురు పట్టిన దినములలో ఈ పని మొదలుపెట్టవద్దు. పిండిని గట్టి మూత ఉన్న డబ్బాలో, కొంచెము కొంచెముగానే చేసి ఉంచుకొనండి.