పాత పని ఎట్ల చేసిండో.. రాసిపెట్టినోళ్లెవరు?

ఆత్మకూర్ (ఎస్): మండలంలో నెమ్మికల్ పోయినా, ఏపూర్ పోయినా నలుగురు రైతులు కూడితే మాట చెరువు మీదికే మళ్లుతుంది. తూము సరిగా మూస్తదా, అలుగు ఎత్తెంత, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ నీళ్లు ఈసారి చెరువు దాకా వస్తయా.. యాసంగి నాటు వీటి మీదే ఆధారం. చెరువుకు మరమ్మతు మంజూరైందంటే సంబురమే. పని ఎవరికి దక్కిందో తెలిశాకే ఒక్కోసారి మొహాలు వాడిపోతాయి. ‘మళ్లీ ఆయనేనా? పోయినసారి ఆయన కట్టిన తూము ఏడాదికే కారె గదా!’ అంటారు.

పాత పని పాడు చేసినవానికి కొత్త పని ఎట్లా వచ్చింది? అధికారులు కుమ్మక్కయ్యారని అనుకోవడం తేలిక. ఎక్కడైనా అదీ ఉండొచ్చు. కానీ చాలాసార్లు కారణం వేరే. ఆ తూము కారినట్టు ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా ఉండదు!

టెండరులో చూసేదేమిటి?

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 94 ఈ పనుల టెండర్లకు ఒక పద్ధతి పెట్టింది. గుత్తేదారు ఇలాంటి పనులు ఇంతకుముందు చేశాడా, ఏడాదిలో ఎంత విలువైన పని చేయగలిగాడు, ఇప్పుడు చేతిలో ఇంకెన్ని పనులున్నాయి అన్నవి చూస్తారు. ఇవన్నీ దాటినవారిలో తక్కువ ధర వేసినవానికి పని పోతుంది. అనుభవానికి ఆధారం ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్. పని పూర్తయిందని అది చెబుతుంది. రెండో వానకే కట్టకు బుంగ పడిందని చెప్పదు.

అమెరికాలో పెద్ద ప్రభుత్వ కాంట్రాక్టులకు మార్కుల పద్ధతి పెట్టుకున్నారు. పని తీరును బట్టి ‘అత్యుత్తమం’ నుంచి ‘అసంతృప్తికరం’ దాకా అయిదు మెట్లు. కాంట్రాక్టరు తన జవాబు కూడా రాయవచ్చు. తర్వాతి టెండరులో ఆ మార్కులు చూస్తారు. మార్కులు తప్పుగా లెక్కపెట్టారంటూ ఓడినవారు ఫిర్యాదుకు పోవడం అక్కడా మామూలే. మన దగ్గర చెరువు పనుల్లో అలాంటి మెట్లు లేవు. పూర్తయిన సర్టిఫికెట్ ఒక కొస, బ్లాక్ లిస్టు ఇంకో కొస. నడుమ ఖాళీ.

బ్లాక్ లిస్టు అంత సులువు కాదు

‘బ్లాక్ లిస్టులో పెట్టండి’ అని గ్రామసభలో గట్టిగా అడుగుతాం. పెట్టినా కోర్టులో నిలవాలి గదా. నోటీసివ్వకుండా, సంజాయిషీ వినకుండా ఎవరినీ బ్లాక్ లిస్టులో పెట్టరాదని సుప్రీంకోర్టు 1974లోనే, ఎరూసియన్ కంపెనీ కేసులో చెప్పింది. బ్లాక్ లిస్టులో పెట్టబోతున్నామన్న సంగతి ఆ నోటీసులోనే తెలిసేలా ఉండాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో ఇంకా బిగించింది. శిక్షకు గడువుండాలని 2013లో కుల్జా ఇండస్ట్రీస్ కేసులో తేల్చింది.

తప్పు ఎంత పెద్దదైనా ఇదే కొలత. భువనేశ్వర్‌లో 2017లో కడుతున్న ఫ్లైఓవర్ కూలి ఒకరు చనిపోయారు. కట్టిన పాండా ఇన్‌ఫ్రా సంస్థను ఒడిశా ప్రభుత్వం శాశ్వతంగా నిషేధించింది. అక్కడి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిషేధం సరైనదేనంటూ నిలబెట్టింది గానీ, అయిదేళ్లకు కుదించింది. ఆ కేసులో నోటీసుంది, విచారణ నివేదికుంది, అందుకే నిలిచింది. నోటిమాటతో బ్లాక్ లిస్టు చేస్తే అదే గుత్తేదారు కోర్టు కాగితం పట్టుకుని మళ్లీ మన కట్ట మీదికే వస్తాడు.

తగాదా వారిది, అదను మనది

ఇంకో బాధ కూడా ఉంది. ‘నా అనుభవాన్ని లెక్కలోకి తీసుకోలేదు’ అని ఓడినవాడు కోర్టుకు పోతే పని ఆగవచ్చు. మన హైదరాబాదు కంపెనీ ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ కేసే చూడండి. మహారాష్ట్ర విద్యుత్ బోర్డు ఖాపర్‌ఖేడా థర్మల్ కేంద్రానికి పెద్ద పైపుల పనిని రౌనక్ ఇంటర్నేషనల్‌కు ఇచ్చింది. అడిగినంత పాత అనుభవం రౌనక్‌కు లేదని, దానికోసం నిబంధన సడలించారని ఐవీఆర్ కోర్టుకెక్కింది. బొంబాయి హైకోర్టు స్టే ఇచ్చింది. 1998 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ స్టే తీసేసింది. నిబంధన కచ్చితంగా పట్టుకుంటే ఐవీఆర్‌కూ అర్హత లేదని తేలింది. ధర ఒక్కటే కాదు, పని చేయగల సత్తా, పాత అనుభవం చూసి ఎంచుకునే హక్కు బోర్డుకుందని, స్టే వల్ల జరిగే ఆలస్యం ఖర్చు చివరికి ప్రజల మీదే పడుతుందని కోర్టు చెప్పింది.

2018లో చట్టమే మార్చారు. మౌలిక వసతుల పనులు ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్ ఇవ్వరాదన్నారు. డ్యాములు, కాలువలు, కట్టలతో కూడిన సాగునీటి పనులూ ఆ పట్టికలో ఉన్నాయి. పని ఆపడం కన్నా, అన్యాయం జరిగినవానికి నష్టపరిహారం ఇప్పించడం మేలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది.

ఇది రైతుకు ఎందుకు ముఖ్యమో మన జిల్లాలో చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అది వరద దెబ్బ, టెండరు తగాదా కాదు. అయినా పొట్టకొచ్చే పైరుకు నీళ్లెందుకు ఆగాయన్నది తెలియదు గదా!

మిల్లులకు మాత్రం మార్కులొచ్చాయి

వడ్ల విషయంలో పాత లెక్క చూడడం మొదలైంది. ప్రభుత్వం ఇచ్చే వడ్లకు మిల్లు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగివ్వాలి. చాలా మిల్లులు బాకీ పడ్డాయి. దాంతో 2024 వానాకాలం కొనుగోళ్లకు రాష్ట్రం మిల్లులను వాటి పాత లెక్కను బట్టి విడదీసింది. బాకీ లేని మిల్లుకు తక్కువ బ్యాంకు గ్యారంటీ, బాకీ పడి తీర్చినదానికి ఎక్కువ, తీర్చనిదానికి వడ్లే ఇవ్వరు. పద్ధతి మంచిదే. కానీ దగ్గరి మిల్లు జాబితాలోంచి పోతే లారీ దూరం పోవాలి, కుప్ప కాడ కాపలా రైతే పడుకోవాలి. ఆ ఏర్పాటు ముందే చూడడం అధికారుల పని.

రైతు చేయగలిగింది

కట్ట మీద నడుస్తూ తిట్టుకుంటే రికార్డు కాదు. పని జరిగేటప్పుడే తూము దగ్గర సిమెంటు తక్కువైందనో, కట్టకు తడిపి రోలరు తొక్కించలేదనో కనిపిస్తే తేదీ వేసి రాయండి. ఆయకట్టు రైతులు పదిమంది సంతకాలు పెట్టి ఏఈకి ఒకటి, ఈఈకి ఒకటి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కార్యాలయంలో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా నంబరు పడుతుంది.

ఒప్పందంలో లోపాల బాధ్యత గడువు ఉంటుంది. ఆ గడువులో కారినా, కుంగినా గుత్తేదారే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అంతదాకా అతని డిపాజిట్ ఆఫీసులోనే ఉంటుంది. గడువు ఎప్పుడు తీరుతుందో పని మొదలైన రోజే అడిగి రాసుకోవాలి. గడువు దాటాక ఇచ్చిన ఫిర్యాదుకు బలం సగం తగ్గినట్టే.

2005 సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయానికి రూ.5, జిల్లా స్థాయి కార్యాలయానికి రూ.10 ఫీజుతో ఒప్పందం నకలు, కొలతల పుస్తకం (ఎంబీ) నకలు అడగవచ్చు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, నకళ్ల ఖర్చు వేరే. అదే చట్టం పనిని స్వయంగా పరిశీలించే హక్కునూ, వాడిన సామాను నమూనా ధ్రువీకరణతో తీసుకునే హక్కునూ ఇచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎంబీలో కట్టకు పోసిన మట్టి ఎంత రాశారో చూసి, టేపు పట్టుకుని కట్ట మీదికి పోతే తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

చెరువు నిండాక కొలతలు కుదరవు. తూము, లోపలి వాలు నీళ్ల కిందికి పోతాయి. ఈ పనంతా మృగశిర లోపే చూసుకోవాలి.