ఇనుముకు చిల్లు పెట్టే బుడగ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. రాసినాయన రైతు. ఇరవై ఏళ్లు దాటిన డీజిల్ ట్రాక్టర్ ఉంది. డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఇంజన్ ఆయిల్ పాలటీ రంగులో కనిపిస్తోంది, రేడియేటర్‌లో నీళ్లు తరుగుతున్నాయి. మెకానిక్ హెడ్ గాస్కెట్ మార్చాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే. హెడ్డుకు ఫేసింగ్ కొట్టించి ఇంకో గాస్కెట్ వేశారు. అయినా అదే. “గాస్కెట్ కొత్తది, హెడ్డులో పగులు లేదంటున్నారు. మరి నీళ్లు ఏ దారిన పోతున్నట్టు?” అని ఆయన ప్రశ్న.

దారులు నాలుగైదే. హెడ్ గాస్కెట్, హెడ్డులో పగులు, ఆయిల్ కూలర్, లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులు, చివరిగా లైనర్. ఎటునుంచి వచ్చినా నీళ్లు సంపులోకి చేరాక క్రాంక్‌షాఫ్ట్ వాటిని ఆయిల్‌తో కలిపి చిలికేస్తుంది. సన్నటి నీటి బిందువులు వెలుతురును చెదరగొడతాయి, ఆయిల్ తెల్లబడుతుంది. ఫిల్లర్ మూత అడుగున మాత్రమే తెల్లటి జిడ్డు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. చలికాలంలో బండిని కాసేపు నడిపి ఆపేస్తుంటే ఇంజన్ లోపలి తేమే అక్కడ పేరుకుంటుంది. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. రోజంతా దున్నిన ఇంజన్‌లో వేడికి నీరు ఆవిరైపోయి, లీకు ఉన్నా ఆయిల్ నల్లగానే కనిపించవచ్చు. అప్పుడు కూలెంట్‌లోని సోడియం, పొటాషియం మాత్రం ఆయిల్‌లో మిగులుతాయి. పరీక్షశాలలు వెతికేది వాటినే. ఇంటి దగ్గరైతే రాత్రంతా ఇంజన్‌ను కదపకుండా ఉంచి, తెల్లారాక డ్రెయిన్ బోల్టును మెల్లగా వదులు చేయండి. నీరు నూనెకన్నా బరువు, కాబట్టి ముందు నీళ్లే కారతాయి.

ఆయిల్‌లో నీళ్లతో పాటు రేడియేటర్‌లోనూ ఆయిల్ తేలుతుంటే ముందుగా ఆయిల్ కూలర్‌ను అనుమానించాలి. నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి పోతుంది. ఆపాక ఆయిల్ ఒత్తిడి సున్నా, వేడి నీళ్ల ఒత్తిడి ఇంకా మిగిలే ఉంటుంది. అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి. ఈ రైతు రేడియేటర్‌లో ఆయిల్ జాడ లేదు. అందుకే నా అనుమానం లైనర్ మీద. అసలు నేను చెప్పాలనుకున్నది కూడా దాని గురించే.

చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ కదిలే గొట్టాన్ని బ్లాకులో విడిగా దింపుతారు. దాని వెలుపలి గోడను నీళ్లు నేరుగా తాకుతాయి. అదే తడి లైనర్. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి పోత ఇనుము. లోపలి వైపు పిస్టన్ రాపిడికి అరగడం అందరికీ తెలిసిందే. కానీ దానికి చిల్లు పడేది బయటి నుంచి, నీళ్ల వైపు నుంచి.

ఇంధనం మండినప్పుడు పిస్టన్ మీద పడే తోపు నిటారుగా కిందికే దిగదు. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఆ తోపులో కొంత పిస్టన్‌ను పక్కకు నెడుతుంది. పైకొసను దాటగానే ఆ పక్క తోపు దిశ మారి, పిస్టన్ ఒక గోడ వదిలి ఎదుటి గోడను కొడుతుంది. లైనర్ కంపిస్తుంది. ఆ కదలిక మైక్రాన్లలోనే, కానీ సెకనుకు వేలసార్లు. గోడ నీటికి దూరంగా జరిగిన క్షణంలో నీరు అంత వేగంగా వెంటపడలేదు. అక్కడ ఒత్తిడి పడిపోయి, ఆ వేడి దగ్గరే నీరు మరిగి బుడగలు కడుతుంది. మరుక్షణం గోడ వెనక్కి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, బుడగలు కూలిపోతాయి. ఇనుమును తినేది ఆ కూలడమే. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 1,000 సార్లు పేలుతుంది. గంటకు 60,000 దెబ్బలు. వెయ్యి గంటల పనికి ఆరు కోట్లు.

నీటి బుడగ ఇనుమును ఎలా తొలుస్తుంది? ఈ ప్రశ్న మొదట ఓడల వాళ్లను వేధించింది. 1890ల్లో బ్రిటిష్ నౌక డేరింగ్ పరీక్షల్లో ప్రొపెల్లర్ ఎంత తిప్పినా అనుకున్న వేగం రాలేదు. రెక్కల వెనక ఆవిరి ఖాళీలు ఏర్పడుతున్నాయని థార్నిక్రాఫ్ట్, బార్నబీ గుర్తించారు. ఆ తర్వాత పెద్ద ఓడల కంచు రెక్కల మీద గుంటలు పడసాగాయి. ఉప్పునీరు రసాయనికంగా తినేస్తోందని చాలామంది వాదించారు. చార్లెస్ పార్సన్స్, స్టాన్లీ కుక్ ప్రయోగాలు చేసి, ఇది ఖాళీలు మూసుకున్నప్పుడు తగిలే దెబ్బ అని 1919లో తేల్చారు. ఈ రోజుకూ చాలా షెడ్లలో గుంటలు పడ్డ లైనర్‌ను చూసి “తుప్పు” అని పక్కన పడేస్తున్నారు. వందేళ్ల కిందటే ఓడిపోయిన వాదన అది!

ఈ మధ్యలో, 1917లో, లార్డ్ రేలీ ఒక అందమైన లెక్క కట్టాడు. నీళ్లలో ఖాళీ గోళం కూలిపోతే ఏమవుతుంది? ఒక మిల్లీమీటరు వ్యాసార్థమున్న గోళం మామూలు వాతావరణ ఒత్తిడి కింద సెకనులో పదివేలో వంతు కూడా పట్టకుండా మూసుకుపోతుంది. వ్యాసార్థం ఇరవయ్యో వంతుకు తగ్గేసరికి, చుట్టూ నీటిలో ఒత్తిడి బయటి ఒత్తిడికి 1,260 రెట్లు చేరుతుంది. లెక్కలో తప్పు లేదు. కానీ రేలీ గోళానికి దగ్గర్లో గోడే లేదు. అది అన్ని వైపుల నుంచీ సమానంగా కుంచించుకుపోతుంది. ఆ మహా ఒత్తిడి కూడా చిన్నదైపోయిన ఆ బిందువు చుట్టూనే ఉండి, కాస్త దూరం పోయేసరికి చప్పబడుతుంది. మరి గోడకు దెబ్బ ఎలా తగులుతుంది?

గోడ ఉండటంలోనే కిటుకు ఉంది. గోడ వైపు నుంచి నీరు బుడగలోకి తేలిగ్గా రాలేదు, ఎదుటి వైపు నుంచి వస్తుంది. దాంతో గోడకు దూరంగా ఉన్న అంచు ముందుగా లోపలికి కుంగి, బుడగను చీల్చుకుంటూ సన్నటి నీటి ధార అయి గోడను తాకుతుంది. కోర్న్‌ఫెల్డ్, సువోరోవ్ 1944లోనే ఇలా జరగవచ్చని అన్నారు. 1966లో బెంజమిన్, ఎల్లిస్ దాన్ని ఫొటోల్లో పట్టుకున్నారు. 1971లో ప్లెసెట్, చాప్‌మన్ కంప్యూటర్ మీద కట్టిన లెక్కలో గోడను ఆనుకుని ఉన్న బుడగలో ధార వేగం సెకనుకు సుమారు 130 మీటర్లు వచ్చింది. నీటి సాంద్రతను అందులో ధ్వని వేగంతో, ధార వేగంతో గుణించి చూడండి, తాకిన క్షణంలో ఒత్తిడి దాదాపు 2,000 వాతావరణాలు! ధార వాటా ఎంత, కూలినప్పుడు పుట్టే షాక్ తరంగం వాటా ఎంత అన్న తర్కం ఇంకా ఉంది. నా ఓటు ధారకే. ఒక్క దెబ్బకు ఇనుము చలించదు. కోట్ల దెబ్బలకు అలసిపోయి, రేణువు రేణువుగా ఊడుతుంది.

ఇప్పుడు పాత ఇంజన్ సంగతి అర్థమవుతుంది. అరిగిన పిస్టన్‌కూ లైనర్‌కూ మధ్య ఖాళీ ఎక్కువ, కాబట్టి దెబ్బ గట్టిది. థర్మోస్టాట్ పీకేసే అలవాటు ఇంకో కీడు. చల్లగా నడిచే ఇంజన్‌లో పిస్టన్ సరిగా వ్యాకోచించదు, ఖాళీ అలాగే ఉంటుంది. పైగా నీళ్లలో ఈ కోత 50-60 డిగ్రీల దగ్గరే తీవ్రం. ఇంకా వేడెక్కితే బుడగలో ఆవిరి ఎక్కువై దెబ్బను మెత్తబరుస్తుంది. రేడియేటర్ మూత విషయమూ అంతే. 90 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఒత్తిడి 0.7 వాతావరణం. మూత వదులైతే బుడగ కట్టకుండా ఆపే మిగులు 0.3 మాత్రమే. 0.9 బార్ పట్టే మూత ఉంటే అది నాలుగింతలవుతుంది. ఆ మూత స్థానంలో ఏదో ఒక బిరడా బిగించి తిప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

గుర్తుపట్టడం తేలికే. సంపు విప్పి, కూలింగ్ వ్యవస్థలో చేతి పంపుతో ఒక బార్ దాకా ఒత్తిడి పెట్టి, రాత్రంతా వదిలి కింద నుంచి చూడాలి. ఏ లైనర్ నుంచి చుక్క పడుతుందో తెలుస్తుంది. లైనర్ లోపలి గోడ మీద జారుతుంటే చిల్లు, అడుగున బ్లాకుకూ లైనర్‌కూ మధ్య నుంచి కారుతుంటే రబ్బరు రింగులు. లైనర్ బయటికి లాగాక దాన్ని చుట్టూ తిప్పి చూడండి. తుప్పు అయితే అన్ని వైపులా ఉంటుంది. బుడగల కోత పిస్టన్ కొట్టే పక్కనే నిలువు పట్టీలా గుంటలు గుంటలుగా ఉంటుంది, ఎదుటి పక్క కాస్త తక్కువ, మిగతా రెండు వైపులా నునుపే.

నివారణ రసాయనం. భారీ డీజిళ్ల కోసం చేసిన కూలెంట్‌లలో నైట్రైట్ వంటివి ఇనుము మీద పలుచటి ఆక్సైడ్ పొర కడతాయి. దెబ్బలు ఆ పొర తింటుంది, చెదిరిన చోట పొర మళ్లీ కడుతుంది. బోరు నీళ్లలో ఆ గుణం లేదు, పైగా సున్నం పొలుసు కడుతుంది. డబ్బా మీద ‘కూలెంట్’ అని రాసి ఉంటే సరిపోదు, తడి లైనర్ డీజిల్‌కు పనికొస్తుందో లేదో అడిగి కొనాలి. ఇది చెప్పే దుకాణాలు తక్కువ.

ఉత్తరం రాసిన ఆయనకు నా మాట: మూడో గాస్కెట్ కొనకండి. లైనర్లు తీయించండి. చిల్లు పడ్డది మార్చక తప్పదు. మిగతావాటి గుంటలు లోతులేనివైతే, మీ ఇంజన్ లైనర్‌కు ఫలానా వైపే ఉండాలన్న గుర్తు లేకపోతే, తొంభై డిగ్రీలు తిప్పి దింపించండి. నునుపు గోడ దెబ్బ తినే వైపుకు వస్తుంది. రబ్బరు రింగులు మాత్రం అన్నిటికీ కొత్తవే వేయించాలి.