పిల్లలకు ల్యాప్‌టాప్ కొనే ముందు

జూన్ నెల వచ్చిందంటే ప్రతి ఇంట్లో ఖర్చుల లెక్కలే. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బస్సు పాసు. ఈ లెక్కలలో ఇప్పుడు మరొకటి చేరింది. "అయ్యగారూ, మా అబ్బాయి ఇంటర్‌లో చేరాడు. ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. ఏది కొనమంటారు?" అని అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. అడిగేవారిలో చాలామంది నెలజీతము మీద, రోజుకూలి మీద బ్రతికేవారే. ముప్పై వేల రూపాయలంటే వారికి రెండు మూడు నెలల కష్టార్జితము. ఒకసారి పనికిరాని వస్తువు కొంటే రెండవసారి కొనే శక్తి వారికి ఉండదు. ఏడాది తిరగకముందే ఆ ల్యాప్‌టాప్ బీరువా మీదికి చేరుతుంది, అప్పు వాయిదాలు మాత్రము మిగులుతాయి.

తక్కువ ధరలో మంచి ల్యాప్‌టాప్ తప్పక దొరుకుతుంది. అయితే దుకాణములో అందరి కళ్ళు పడేవి మూడే: కంపెనీ పేరు, రంగు, తగ్గింపు ధర. ల్యాప్‌టాప్ నాలుగైదేళ్ళు నిలబడాలంటే చూడవలసినవి వేరే ఉన్నాయి. అవేమిటో తెలుసుకుంటే కంప్యూటరు చదువు లేని తల్లి కూడ ధైర్యముగా బేరమాడవచ్చును.

మొదట ఇంట్లో కూర్చోండి

దుకాణానికి వెళ్ళకముందు ఒక కాగితము తీసుకొని, ఈ ల్యాప్‌టాప్‌తో ఎవరు ఏమి పని చేస్తారో వ్రాయండి. పదవ తరగతి లోపు పిల్లలకు పాఠముల వీడియోలు చూడడము, ప్రాజెక్టు వ్రాసి ప్రింటు తీయడము, కొంచెము టైపింగు నేర్చుకోవడము, ఇవే పనులు. బి.కాం. చదివే అమ్మాయికి ట్యాలీ కావాలి. అది విండోస్ మీదనే పనిచేస్తుంది. బి.టెక్. విద్యార్థికి ప్రోగ్రాములు వ్రాయడానికి కొంచెము బలమైన యంత్రము కావాలి. తండ్రికి కరెంటు బిల్లు, మీసేవ దరఖాస్తులు. తల్లికి సంఘపు స్త్రీల కూడికల లెక్కలు. ఈ పట్టిక చూస్తే చాల కుటుంబములకు ఖరీదైన యంత్రము అవసరము లేదని తెలుస్తుంది.

ల్యాప్‌టాప్‌ను కాలేజీకి మోసుకొని వెళ్ళే పని లేకపోతే బల్లమీది డెస్క్‌టాప్ గురించి కూడ ఆలోచించండి. అదే డబ్బుకు పెద్ద తెర, మంచి కీబోర్డు వస్తాయి. రిపేరు ఖర్చు తక్కువ. అయితే కరెంటు తరచుగా పోయే ఊళ్ళలో ఇన్వర్టరో యూపీఎస్సో తప్పదు. ఆ ఖర్చు కూడ కలిపి లెక్క చూడండి.

పెట్టె లోపల చూడవలసినవి

మొదటిది ర్యామ్. వంటింటి బల్ల వంటిది ఇది. బల్ల చిన్నదైతే ఒక గిన్నె తీస్తేనే గాని మరొక గిన్నె పెట్టలేము. విండోస్ 11కు 4 జీబీ చాలునని పెట్టెమీద వ్రాసి ఉండవచ్చును. నడుస్తుంది కూడ, కాని వీడియో తరగతి, బ్రౌజరు, వర్డు ఫైలు ఒకేసారి తెరిస్తే యంత్రము నిలిచిపోతుంది. 8 జీబీకి తక్కువ కొనకండి. బి.టెక్. విద్యార్థికి 16 జీబీ మేలు. కొన్ని మోడళ్ళలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి వేస్తారు. తరువాత పెంచడానికి వీలుండదు. "ఖాళీ స్లాటు ఉందా?" అని తప్పక అడగండి. ఉంటే ఈ రోజు 8 జీబీతో కొని, అవసరమైనప్పుడు మరొక 8 జీబీ వేయించవచ్చును. 2025 చివరి నెలలలో మెమొరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి గనుక ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ.

రెండవది ఎస్ఎస్‌డీ. ఫైళ్ళు దాచే స్థలమిది. "ఇందులో 1 టీబీ ఉందమ్మా, దానిలో 256 జీబీయే" అని అమ్మేవారు పాత హార్డ్‌డిస్కు ల్యాప్‌టాప్‌ను పెద్దదిగా చూపిస్తారు. స్థలము ఎక్కువే, కాని లోపల తిరిగే పళ్ళెము గనుక విండోస్ 11 దానిమీద ఎద్దుబండిలా నడుస్తుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నదే మేలు. 512 జీబీ అయితే ఇంకా మంచిది. అతి చవక మోడళ్ళలో 64 జీబీ ఈఎంఎంసీ అనే నిల్వ ఉంటుంది. అందులో సగము విండోస్‌కే సరిపోతుంది, కొన్నాళ్ళకు అప్‌డేట్లకు కూడ చోటు చాలదు. సామాన్యముగా దానిని మార్చడానికి కూడ వీలు కాదు.

మూడవది ప్రాసెసర్. పేర్లు చూసి భయపడవద్దు. పాఠములకు, టైపింగుకు 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి చిన్న ప్రాసెసర్ కూడ సరిపోతుంది. నాలుగేళ్ళు వాడాలనుకునేవారికి 12వ తరము ఐ3-1215యు మంచి మధ్యస్థము. ఏఎండీ రైజన్ కొనేవారు ఒక కిటుకు తెలుసుకోవాలి. 7000 సంఖ్యలవారిలో మూడవ అంకె లోపలి నిర్మాణము ఎంత కొత్తదో చెబుతుంది. రైజన్ 3 7320యు లో మూడవ అంకె 2. అంటే 2022లో విడుదలైనా లోపల ఉన్నది 2019 నాటి నిర్మాణము. రైజన్ 5 7530యు లో మూడవ అంకె 3, అది 2020 నాటిది. మొదటి అంకె 7 చూసి రెండూ ఒకటేననుకుంటే నష్టపోతాము. 7320యు చెడ్డదని కాదు, తేలిక పనులకు బాగుంటుంది. దాని ధర కూడ తేలికగా ఉండాలి, అంతే.

నాలుగవది తెర. పిల్లలు గంటలకొద్దీ చూసేది దీనినే గనుక ఇక్కడ వంద రూపాయలు మిగుల్చుకోవద్దు. పాత తెరలు 1366 × 768 చుక్కలవి. అక్షరాలు మొద్దుగా కనబడతాయి. 1920 × 1080 ఉన్నది తీసుకోండి. ఐపీఎస్ తెర అయితే ప్రక్కనుండి చూసినా రంగు మారదు. ఒకే ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని పాఠము చూసే ఇళ్ళలో ఇది చిన్న విషయము కాదు.

బ్యాటరీ గురించి "పది గంటలు వస్తుంది" అనే మాట నమ్మకుండా వాట్-అవర్ సంఖ్య అడగండి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, తేలిక పనికి 8 వాట్లు ఖర్చయితే, సుమారు అయిదు గంటలు వస్తుంది. లెక్క అంత సులభము.

క్రోమ్‌బుక్ సంగతి

ధర తక్కువగా కనబడే క్రోమ్‌బుక్ చిన్న తరగతుల పిల్లలకు బాగుంటుంది. వైరస్ బాధ తక్కువ, తొందరగా తెరుచుకుంటుంది. కాని ఎక్కువ పని ఇంటర్నెట్ మీదనే జరుగుతుంది. విండోస్ కోసం చేసిన ట్యాలీ వంటివి అందులో ఎక్కించలేము. మరొక సంగతి. క్రోమ్‌బుక్‌లకు పదేళ్ళ వరకు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ పదేళ్ళు మీరు కొన్న రోజునుండి కాక, ఆ మోడల్ రకము మొదట విడుదలైన రోజునుండి లెక్కకు వస్తాయి. దుకాణములో అయిదేళ్ళు నిలిచిన సరుకు కొంటే సగము ఆయుష్షు అప్పటికే అయిపోయినట్టే. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ల చివరి తేదీ కనబడుతుంది. అది చూసి బేరమాడండి.

వాడినది కొనడము తప్పా?

తప్పు కాదు, చిన్నతనము అంతకంటే కాదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి మార్చేసిన డెల్ ల్యాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటి ల్యాప్‌టాప్‌లను బాగుచేసి, రీఫర్బిష్డ్ పేరుతో అమ్ముచున్నారు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇటువంటి కంప్యూటరు దుకాణములకు పేరుపడిన చోటు. ఆఫీసు పనికోసం గట్టిగా చేసినవి గనుక వీటి కీబోర్డు, కీలు, ఒళ్ళు కొత్త చవక ల్యాప్‌టాప్‌ల కంటే చాలసార్లు బలముగా ఉంటాయి. ర్యామ్ పెంచుకునే వీలు కూడ చాలవాటిలో ఉంటుంది. అయితే కళ్ళు తెరుచుకొని కొనవలెను.

తరము చూడండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నియమము ప్రకారము ఇంటెల్‌లో సుమారుగా 8వ తరము నుండి పైవాటికే సరిపోతుంది. ఐ5-7200యు అంటే 7వ తరము, వద్దు. ఐ5-8250యు అంటే 8వది. ఐ5-1135జీ7 అంటే 11వది. ఇటువంటిది దొరికితే మరీ మంచిది. పాతవాటిలో కూడ ఎలాగో విండోస్ 11 ఎక్కించి అమ్మేవారున్నారు. తెర మీద విండోస్ 11 కనబడినంత మాత్రాన సంతోషించక, ప్రాసెసర్ సంఖ్య అడగండి.

బ్యాటరీ రిపోర్టు తీయించండి. విండోస్‌లోనే ఆ సదుపాయము ఉంది. కొత్తలో ఎంత సామర్థ్యము, ఇప్పుడు నిండా ఛార్జి చేస్తే ఎంత అనే రెండు అంకెలు అందులో ఉంటాయి. రెండవది మొదటిదానిలో సగమే ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడగండి.

తాళము చూడండి. ఇది చాలమందికి తెలియదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు పాత కంపెనీ పేరు మీదనే నమోదై ఉంటాయి. విండోస్ కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్ కలపగానే, ఆ కంపెనీ ఉద్యోగి పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అటువంటిది ఎంత చవకైనా వద్దు. విండోస్‌ను మొదటినుండి మీ ముందే మొదలుపెట్టించి చూడండి. అదే సమయములో తెల్లని తెరమీద మచ్చలున్నాయేమో, అన్ని అక్షరాలు పడుతున్నాయో లేదో, కెమెరా, వైఫై, యూఎస్‌బీ రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. పావుగంట పట్టే పని. దుకాణదారుడు విసుక్కుంటే మరో దుకాణమున్నది.

బిల్లు, వారంటీ, సాఫ్ట్‌వేర్

"డాస్" ల్యాప్‌టాప్ అని తక్కువ ధరకు అమ్మేవాటిలో విండోస్ ఉండదు. తరువాత విడిగా కొంటే మిగిలిన డబ్బు మళ్ళీ పోతుంది. దొంగ విండోస్ ఎక్కించుకోవడము నిజాయితీ కాదు, దానివెంట వైరస్ కూడ వస్తుంది. ఉబుంటు, లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు వాడగలవారికి మాత్రము డాస్ మోడల్ లాభమే. "ఆఫీసు ఉచితము" అంటే ఎప్పటికీ ఉండేదా, నెల రోజుల ట్రయలా అని అడగండి. అది లేకపోయినా పాఠశాల పనులకు లిబ్రెఆఫీస్ చక్కగా సరిపోతుంది. ధర ఏమీ లేదు.

జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. ల్యాప్‌టాప్‌పై జీఎస్టీ 18 శాతము. "బిల్లు లేకుండా తగ్గిస్తాను" అనేవారి దగ్గర వారంటీ కూడ లేనట్టే. వారంటీ ఎన్నాళ్ళు, మనిషి ఇంటికి వస్తాడా, మనమే సర్వీసు సెంటరుకు మోయాలా, ఆ సెంటరు మన జిల్లాలో ఉందా అని అడగండి. టీ ఒలికినా, క్రింద పడినా మామూలు వారంటీ వర్తించదని పిల్లలకు ముందే చెప్పండి. మోసము జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చును.

వాయిదాల మాయ

"వడ్డీ లేని వాయిదాలు" అనే మాట వినగానే ఆశ పుడుతుంది. సున్నా వడ్డీ అనే భావనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టము చేసింది. నేడు చాల పథకములలో నగదుకు ఇచ్చే తగ్గింపును వడ్డీ క్రింద సర్దుతారు. దానిపైన ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు అయితే వడ్డీ భాగము మీద 18 శాతము జీఎస్టీ పడతాయి. కాబట్టి రెండే ప్రశ్నలు అడగండి: "నగదు ఇస్తే ఎంత? వాయిదాలన్నీ కలిపితే ఎంత?" రెండింటి మధ్య తేడాయే వడ్డీ, దానికి ఏ పేరు పెట్టినా సరే. ఒక వాయిదా తప్పితే పడే జరిమానా కూడ ముందే తెలుసుకోండి. ఆరు నెలలు ఆగి పొదుపు చేసి కొనగలిగితే ఆగండి. అంతవరకు కాలేజీ ల్యాబులో పని సాగుతుందేమో చూడండి.

ఇంటికి తెచ్చిన తరువాత

నలుగురూ తిరిగే గదిలో, గోడకు దగ్గరగా బల్లమీద పెట్టండి. పరుపు మీద పెడితే గాలి ఆడక వేడెక్కుతుంది. పిల్లలు ఏమి చూస్తున్నారో విచారణాధికారిలా అడుగనవసరము లేదు, అందరూ ఉండే చోట వాడితే చాల సమస్యలు పుట్టకముందే పోతాయి. ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవులో గాని, ఆన్‌లైన్‌లో గాని రెండవ కాపీ దాచండి. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉచితముగా ఉంది. దానిని పెట్టించితే అమ్మమ్మ కూడ మనవరాలి సహాయముతో తెలుగులో ఉత్తరము వ్రాయగలదు.

కొనడానికి బయలుదేరేటప్పుడు జేబులో ఈ నాలుగు మాటలు వ్రాసుకోండి: ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 256 జీబీ, తెర 1920 × 1080, విండోస్ 11కు తగిన ప్రాసెసర్. ఈ నాలుగూ ఉండి, బిల్లు, వారంటీ సరిగా ఉంటే, మూత మీద ఏ కంపెనీ పేరున్నా నిశ్చింతగా కొనండి. పొరుగింటి అబ్బాయి ల్యాప్‌టాప్ ఇంతకంటే మెరుస్తుండవచ్చును. మీ అబ్బాయికి ఆ మెరుపు కంటే, చదువు పూర్తయ్యేవరకు నిలిచే యంత్రము, వాయిదాల బెంగ లేని తండ్రి ముఖము ఎక్కువ మేలు చేస్తాయి.