ముడుచుకొన్న రెక్కల ములికి

విల్లంబుల సంగతి ఉత్తర తెలంగాణమువారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. ఆదిలాబాదు కొండలలోని గోండులకు, కోలాములకు విల్లు తాతలనాటి చుట్టము. ఇక ఇనుము మాట యందురా, నిర్మలకు తూర్పుననున్న దిమ్మదుర్తి గనులకు దేశాంతరములందు గూడ పేరుండెను. నాటి కరీంనగరు జిల్లాలోని మెట్‌పల్లి యినుము గోదావరి కీవలనున్న కోనసముద్రపు మూసలలో కరగి, ఉక్కుముద్దయై, పారశీక వర్తకుల మూటల కెక్కిన విధమును హెన్రీ వాయ్సీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడినది. వింటిని, ఉక్కును ఇంతగా నెరిగిన నేలమీద, బాణపుమొన ధరించిన నవీన రూపాంతరము, అనగా ఆంగ్లేయులు మెకానికల్ బ్రాడ్‌హెడ్ అని పిలుచు మడతరెక్కల ములికి, దాని కథ చెప్పుకొనుట అసందర్భము కానేరదు.

ములికి పని కోయుట. పింజ పని దారి తప్పనీయకుండుట. ఈ రెంటికిని పుట్టుకనుండియు పొత్తు కుదరలేదు. వెడల్పైన ములికి లోతుగను విశాలముగను కోయును గాని గాలిలో తిన్నగా పోదు. సన్నని ములికి తిన్నగా పోవును గాని దాని గాయము సూదిపోటును మించదు. మన పూర్వులు సన్నని యినుపబాణమును నారాచమనియు, మంగలికత్తివంటి వాదర గలదానిని క్షురప్రమనియు వేరువేరు పేర్లతో పిలుచుటయే ఈ భేదము వారికి తెలియునని సాక్ష్యము. కారణము సులభగ్రాహ్యము. వెనుకనున్న పింజ గాలి నొడిసిపట్టి, వాయుపీడన కేంద్రమును గురుత్వకేంద్రమునకు వెనుక నిలుపుచున్నంత కాలము బాణము తన తప్పును తానే దిద్దుకొనును. ముందు వెడల్పురేకు చేరినచో అదియు నొక పింజయై, ఆ కేంద్రమును ముందునకు లాగి, బాణము రవంత యొరిగినను ఆ యొరుగుదలను మరింత పెంచును.

వేగము తక్కువయైనంత కాలము ఈ దోషము సహ్యముగనే యుండెను. అమెరికాలోని మిసోరీ వాసియగు హాలిస్ విల్బర్ అలెన్, వింటికొనలకు కప్పీలు తగిలించిన కాంపౌండ్ వింటికై 1966లో దరఖాస్తు చేసి 1969లో పేటెంటు పొందిన పిమ్మట బాణముల వేగము క్రమక్రమముగా హెచ్చి, నేడు సెకనుకు 90 మీటర్ల ప్రాంతమునకు చేరినది. గాలి త్రోపుడు వేగముతో సమముగా గాక వేగవర్గముతో పెరుగును. వేగము రెట్టింపయిన త్రోపుడు నాలుగింత లగును. కావున ప్రయాణములో రెక్కలను దేహమున కదుముకొని సన్ననిదిగా పోయి, తగిలిన క్షణముననే విప్పుకొను ములికి యొకటి కావలసివచ్చినది.

విప్పుట కష్టము కాదు. లక్ష్యమునకు తాకిన ప్రతిఘాతమే రెక్కలను వెనుకకు నెట్టి తెరచును. కష్టమంతయు అంతవరకు మూసియుంచుటలోనే కలదు. నారి వదలిన బాణము అరమీటరు దూరములోపల, సెకనులో నూరవవంతు ప్రాయమైన కాలమున, నిశ్చలస్థితినుండి 90 మీటర్ల వేగము నందుకొనవలెను. అనగా దాని త్వరణము భూమ్యాకర్షణమునకు సుమారు 800 రెట్లు. రెండు గ్రాముల రెక్క యొకటి ఆ క్షణమున ఒకటిన్నర కిలోల బరువు తూగుచు, జడత్వముచే వెనుకనే నిలువజూచును. రెక్క తెరచుకొను దిశయు వెనుకకే గదా! కాబట్టి మీటిన మరుక్షణముననే అది తెరచుకొనుటకు సిద్ధమగును. అటుపిమ్మట ఎదురుగాలి లాగుడు, పింజ కలిగించు భ్రమణమువలన పుట్టు అపకేంద్రబలము ఆ ప్రయత్నమునకే తోడ్పడును.

ఈ చిక్కునకు నిర్మాతలు పలుమార్గములు వెదకిరి. రెక్కలచుట్టు చిన్న రబ్బరు వలయము తొడుగుట యొకటి. తగిలినప్పుడు పగిలిపోవు ప్లాస్టిక్ పట్టీ యొకటి. రెక్క అంచున నొక్కు కోసి, దానిలో లోపలి తీగముక్కను నిలుపుట వేరొకటి. అయస్కాంతముతో పట్టియుంచుట ఇంకొకటి. వీనిలో రబ్బరు వలయము చవుక. కాని ఎండకును కాలమునకును బిరుసెక్కి పగులును, మరల మరల మార్చవలెను. మార్గములు వేరైనను సూత్ర మొక్కటే: పట్టు మీటుదెబ్బకు లొంగరాదు, తాకుదెబ్బకు లొంగకపోరాదు. ఆ రెండు హద్దుల నడుమ బలహీనతను కొలిచి యమర్చుటయే ఈ యంత్రమందలి విద్య యంతయు.

ఈ విద్యకు పాతరూపము సముద్రముమీద కలదు. అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డు రేవులో కమ్మరియైన లూయిస్ టెంపుల్ అను నల్లజాతీయుడు 1848లో తిమింగలముల వేటకై తల తిరుగు బల్లెమును చేసి, ఆ తల ఈటెతో ఒకే వరుసలో నిలుచుటకు సన్నని కొయ్యమేకును దూర్చెను. ములికి లోనికి దిగి త్రాడు బిగిసినప్పుడు మేకు విరిగి, తల అడ్డముగా తిరిగి, ఊడి రాకుండెను. అతడు దానికి పేటెంటు తీసికొనలేదు.

అయితే ఈ నవీన ములికి మన యడవులకు కావలెనా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కవ్వాల అడవి 2012లో పులుల యభయారణ్యముగా ప్రకటింపబడినది. కనుక దీనిని మనము ఆయుధముగా గాక యంత్రశాస్త్రమందలి యొక పాఠముగా చూచుటయే యుక్తము. ఆ పాఠము మన గోండు ములికికి గౌరవము నధికము చేయునే గాని తగ్గింపదు. వేగము హెచ్చించుకొన్నవాడు ఆ వేగము తెచ్చిన ఋణమును రెక్కలతోను, వలయములతోను, పట్టీలతోను తీర్చుకొనవలసివచ్చెను. దగ్గర దూరమునకు, చేతివింటి వేగమునకు సరిపడ చేసిన ఇనుపములికిలో ఊడునది లేదు, విప్పుకొనునది లేదు, మార్చవలసినదియు లేదు.