ఐదువందల యేండ్లనాటి చలికాలపు విందు

పూర్వులు చెక్కించిన శాసనములను మనము నేటికిని చదువగలము. వారు కట్టించిన గుడులను, కోటలను కన్నులార చూడగలము. కాని వారు తిన్న అన్నము రుచి యెట్టిదో తెలిసికొనుటకు శాసనములు చాలవు. అందుకు పొయ్యి వెలిగించి వండి చూడవలసినదే.

శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సామ్రాజ్యమును క్రీ.శ. 1509 నుండి 1529 వఱకు పరిపాలించెను. ఆయన రచించిన 'ఆముక్తమాల్యద' అను ప్రబంధమున విష్ణుచిత్తుడను భక్తుని కథ కలదు. అతడు తమిళదేశమునందలి శ్రీవిల్లిపుత్తూరున నివసించుచు, వచ్చిన వైష్ణవులకెల్ల అన్నము పెట్టుటయే వ్రతముగా గల గృహస్థుడు. వానకాలమున, చలికాలమున, వేసవియందు అతడు అతిథులకు ఏమేమి వడ్డించెనో రాయలు వేర్వేరు పద్యములలో వర్ణించెను. వ్రాసినవాడు చక్రవర్తియే యైనను ఈ విందులలో రాజభోగము కానరాదు. ఇవి గృహస్థుల యింటి వంటలు. కావుననే మన యిండ్లలోను వండుకొనుటకు వీలైనవి.

జడివాన పట్టి కట్టెలు తడిసినప్పుడు వంటయిల్లు పొగతో నిండును. అందుచేత ఆ యింట ఎండిన కొబ్బరిచిప్పలను పొయ్యిలో పెట్టి వండుదురు. వడ్డనలో వరి యన్నము, పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, సమృద్ధిగా నేయి ఉండును. కూరగాయలను ముక్కలుగా తరిగి ఎండలో ఎండబెట్టినచో అవి వరుగులగును. వానలలో తోటకు పోలేని దినములకై వేసవిలోనే దాచుకొనిన కూర లివి. వేసవి భోజనము వేఱు. అప్పుడు నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకురసము, లేత కొబ్బరినీరు, పండ్లు, ఊరవేసిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ వడ్డింతురు.

నన్ను మిక్కిలి ఆకర్షించినది చలికాలపు పద్యము. కమ్మని వాసనగల క్రొత్తబియ్యపు అన్నము, మిరియపుపొడి చల్లిన వేడి ఆరని కూరలు, ముక్కునకు మందువలె ఘాటెక్కు ఆవ పచ్చళ్లు, పాయసము, ఊరుగాయలు, నేయి, పాలు ఇందు కలవు. ఈ జాబితాను మరల చదివి చూడుడు. కారమునకు మిరియమున్నది, ఆవ యున్నది. మిరపకాయ లేదు!

రాయలు దానిని మఱచెనని తలపరాదు. మిరప అమెరికా ఖండములలో పుట్టిన మొక్క. కొలంబసు 1492వ సంవత్సరమున ఆ ఖండపు దీవులను చేరిన పిదప గాని తక్కిన లోకమునకు అది తెలియదు. 1498లో వాస్కోడగామా కళ్లికోట చేరెను. ఆ తరువాత పోర్చుగీసువారి ఓడలలో మిరప మన దేశమునకు వచ్చెను. మిరపకాయ అను పేరే మిరియమును బట్టి యేర్పడినదని పండితులు చెప్పుదురు. క్రొత్తగా వచ్చిన కాయకు పాత కారము పేరు పెట్టుకొంటిమన్నమాట. నేడు గుంటూరు మిరపకాయ లేనిదే ఆంధ్రుల భోజనము లేదని లోకము తలచుచున్నది! టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ కూడ అమెరికానుండి వచ్చినవే. టమాటా లేని చారు చారెట్లగునని మా మనుమడు నాతో వాదించెను. వానికి ఉత్తరము చెప్పుటకన్న వండి పెట్టుటయే మేలని తోచెను.

పద్యము పాకశాస్త్రము కాదు. అందు కొలతలు లేవు. కూరల పేర్లును లేవు. వానిని మనమే నిర్ణయించుకొనవలెను. మేము కూరకు అరటికాయను, పచ్చడికి దోసకాయను ఎన్నుకొంటిమి. సంక్రాంతికి వారము దినములు ముందుగా మొదటి ప్రయత్నము జరిగెను. పచ్చడి బాధ్యత నాది. దోసకాయ ముక్కలు చింతపండు రసములో ఉడుకుచుండగా నూరిన ఆవపిండిని అందు వేసి బాగుగా మరగనిచ్చితిని. ఘాటు అధికమగునని నా యూహ. తీరా తినిచూడగా ఘాటు మచ్చునకైన లేదు. పైగా చేదు. మా యింటిలో ఎవ్వరును రెండవసారి వడ్డించుకొనలేదు.

పండుగకు మా మేనత్త వచ్చెను. ఆమెకు ఎనుబదియైదేండ్లు. జరిగినది విని నవ్వి, "ఒరే అబ్బాయీ, ఆవ నిప్పుమీద బ్రతకదురా! దింపి, చల్లారిన తర్వాత కలపాలి" అనెను.

ఆమె మాటకు శాస్త్రాధారము కలదు. ఆవగింజలో ఘాటు సిద్ధముగా ఉండదు. దానిని పుట్టించు రెండు పదార్థములు గింజలో వేర్వేరుగా నుండును. గింజను నీటితో నూరినప్పుడు అవి రెండును కలిసికొని ఘాటైన తైలము పుట్టును. అది గాలిలోనికి లేచు స్వభావము కలది గనుక నాలుకకన్న ముందు ముక్కునే పట్టును. ఆ రెండింటిలో నొకటి వేడికి నశించును. అందుచేతనే పోపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మదనమే కాని ముక్కునంటు ఘాటుండదు. మిరియము కథ వేఱు. దాని కారము మరిగినను నిలుచును గాని సువాసన ఆవిరితో పోవును. కావున పొడిని దింపుటకు ముందు చల్లవలెను. రాయలు కూరలకు మిరియపుపొడిని, పచ్చళ్లకు ఆవను చెప్పుట ఎంత ఉచితముగా నున్నదో వండిన పిమ్మట గాని నాకు బోధపడలేదు.

భోగినాడు మరల వండితిమి. ఒక దోసకాయను చేదు చూచి, ముక్కలు కోసి, చిటికెడు పసుపుతో నువ్వులనూనెలో కొంచెము మగ్గించి, ఉసిరికాయంత చింతపండు గుజ్జు చేర్చి దింపితిమి. రెండు చెంచాల ఆవాలను కొంచెము నీటితో తగినంత ఉప్పు వేసి మెత్తగా నూరి, పది నిమిషములు అట్లే ఉంచితిమి. ముక్కలు పూర్తిగా చల్లారిన పిదప కలిపి మూతపెట్టితిమి. అరటికాయలు రెండింటిని ఉడికించి, పొడిపొడిగా చిదిమి, మినపపప్పు, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, చివరను అరచెంచా మిరియపుపొడి చల్లితిమి. క్రొత్తబియ్యము త్వరగా మెత్తబడును గనుక నీరు తగ్గించి వండితిమి.

మూత తీయగానే మా మనుమనికి కన్నుల నీరు తిరిగెను. "తాతగారూ, జలుబు వదిలిపోయింది!" అని వాడు మరల వడ్డించుకొనెను. టమాటా ప్రసంగము రాలేదు.

మేనత్త రెండు ముద్దలు తిని, చేయి ఆపి నావైపు చూచెను. "పండుగపూట ఇదేం వంటరా? ఇది తద్దినపు వంట కదరా!" అనెను.

నేను తెల్లబోతిని. ఆమె చెప్పినది నిజము. పితృకార్యము నాడు మిరపకాయను వాడక మిరియములతో వండు ఇండ్లు నేటికిని కలవు. ఆ వంటలో టమాటాకు, బంగాళాదుంపకు చోటు లేదు. ఆచారమని చేయుచుంటిమే గాని కారణము నేనెన్నడును అడుగలేదు. క్రొత్తగా వచ్చిన కాయగూరలను నిత్యభోజనమున చేర్చుకొనిన మనవారు, పితరులకు మాత్రము పితరు లెఱిగిన వంటనే పెట్టుచు వచ్చిరి కాబోలు. రాయలనాటి రుచికై నేను కావ్యము వెదకితిని. అది యేడాది కొకమాఱు మా వంటయింటిలోనే వండబడుచుండెను.

మఱునాటి సంక్రాంతి వంటను మేనత్త స్వయముగా చేసెను. అందు మిరపకాయలు ధారాళముగా పడినవి.