మన ఫ్లూ ఫెరెట్‌కూ అంటుతుంది

ఫ్లూ టీకాలో ఏయే వైరస్ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు సూచిస్తుంది. ఆ సూచనకు ఆధారమైన పరీక్షల్లో ఫెరెట్ అనే చిన్న జంతువు రక్తం వాడతారు. చూపుకు మన ముంగిసలా ఉంటుంది కానీ ఆ కుటుంబానిది కాదు. ఐరోపాలో కుందేళ్ల వేట కోసం తరతరాలుగా పెంచుకుంటున్న జంతువు ఇది.

లండన్‌లో కుక్కలకొచ్చే డిస్టెంపర్ జబ్బు మీద పరిశోధనకు వీటిని వాడేవారు. 1933లో అక్కడే విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా ఫ్లూ రోగి పుక్కిలించి ఉమ్మిన నీటిని ఫెరెట్ల ముక్కుల్లో వేశారు. వాటికి జ్వరం వచ్చింది, ముక్కులు కారాయి. మనుషుల ఫ్లూ వైరస్ అలా మొదటిసారి చిక్కింది. తర్వాత ఒక జబ్బు ఫెరెట్ తుమ్మితే స్టూవర్ట్ హారిస్ అనే పరిశోధకుడికి ఫ్లూ సోకింది. 1936లో ఆ సంగతి ప్రచురించారు. పాపం ఆయనే రుజువయ్యారు!

ఎలుకలు ఫ్లూతో మనలా తుమ్మవు. ఫెరెట్ తుమ్ముతుంది. దాని శ్వాసనాళంలో వైరస్ అతుక్కునే చోట్లు మనవాటిలాగే ఉంటాయి. పైగా ఎప్పుడూ ఫ్లూ రాని ఫెరెట్‌కు ఒక్క రకం వైరస్ ఎక్కిస్తే, దాని రక్తంలో ప్రధానంగా ఆ రకాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలే పుడతాయి. కొత్త వైరస్ పాతదానికి ఎంత దూరం జరిగిందో వాటితో తేలుతుంది. చిన్నప్పటి నుంచి ఎన్నో ఫ్లూలు చూసిన మన రక్తంతో అంత స్పష్టంగా తేలదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మేత పెట్టే మనిషికి ఫ్లూ ఉంటే అది ఫెరెట్‌కు అంటుకుంటుంది, ప్రయోగం పాడవుతుంది, జంతువు పడిన బాధ వృథా. అందుకే ముందే రక్తం పరీక్షిస్తారు. పనివాళ్లు మాస్కు కట్టుకుంటారు. ఒంట్లో బాగాలేనివారిని గది దరిదాపులకు రానివ్వకూడదు.

ఇది మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లో పేగులు దాటిపోతుంది కనుక ఎక్కువసేపు పస్తుంచకూడదు. ఎండవేడికి తట్టుకోలేదు. రోజులో ఎక్కువ భాగం నిద్రే, దూరి పడుకోవడానికి గుడ్డ ఉయ్యాలో గొట్టమో కావాలి. రబ్బరు వస్తువులు మాత్రం అందనివ్వకూడదు, కొరికి మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

ఇన్ని చేసినా చాలా ప్రయోగాల చివర దాన్ని మత్తిచ్చి చంపుతారు. జబ్బు ఎక్కించాక రోజూ తూకం, ఉష్ణోగ్రత చూస్తారు. ముందే రాసుకున్న హద్దు దాటి చిక్కిపోతే, ప్రయోగం పూర్తికాకపోయినా దాని బాధ అక్కడితో ఆపేయాలి.